అవ్వ రొట్టెలు, మా చప్పట్లు

మా చిన్నప్పుడు... లోపల అవ్వ జొన్నరొట్టె తడుతుంటే, వాకిట్లో అక్కా నేనూ ఎదురెదురుగా కూచుని చప్పట్లు చరిచేవాళ్లం. చూసేవాళ్లకు ఆట... మాకు మాత్రం అవ్వ అప్పజెప్పిన పని! అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం లెండి.

కొడకండ్ల దగ్గర మా ఊరు. సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. అవ్వ తమ్ముడు, మా మేనమామ, సంఘంలో చేరి తోటివాళ్లతో జొన్నచేలల్లో దాక్కుని తిరిగేవాడు. వాళ్లకు తిండి మా ఇంటి నుంచే వెళ్లేది. ఆ సంగతి దొర చెవిన పడితే మామ ప్రాణం దక్కదు.

రొట్టె తట్టే చప్పుడేమో వీధి చివరిదాకా వినపడుతుంది. నాయిన పోయాక ఇంట్లో తినేది మేం ముగ్గురమే... పొద్దస్తమానం టప్ టప్‌మంటుంటే ఎవరికైనా అనుమానం రాదా? అందుకే మా చేత చప్పట్లు కొట్టించేది. ఎంత తెలివి మా అవ్వది!

ఇప్పుడు నా మనవరాలు పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని మిషన్‌లో వేడివేడి శాండ్‌విచ్‌లు చేస్తుంటే నాకు నవ్వొస్తుంది... మేం ఎప్పుడో చేశాం తల్లీ! అక్క పుంటికూర, అదే గోంగూర, తెంపేది. నేను రోట్లో ఎల్లిపాయ కారం నూరేదాన్ని, కళ్లు మండి ఏడ్చేదాన్ని. అవ్వ ఒక రొట్టె మీద ఉడికిన కూర, కారం పరిచి, పైన ఇంకో రొట్టె మూసి, మళ్లీ పెనం మీద వేసి ఒత్తేది. అంచులు కరకరలాడేవి... ఆ వాసనకు మా నోట్లో నీళ్లూరేవి. వాటిని బట్టలో చుట్టి, గంపలో పెట్టి, పైన గడ్డి కప్పి చేనుకు పోయేది.

ఒకరోజు పొద్దున పోలీసులు దొర మనిషిని వెంటబెట్టుకుని, మామను వెతుక్కుంటూ నేరుగా మా వాకిట్లోకి వచ్చేశారు. తుపాకులు చూడగానే మా చేతులు ఆగిపోయాయి. లోపలి నుంచి రొట్టె చప్పుడు మాత్రం వస్తూనే ఉంది...

దొర మనిషి తల వంచి లోపలికి తొంగి చూశాడు. పొయ్యి పక్కన రొట్టెల దొంతర.

"ముగ్గురు తినెటోళ్లకు గిన్ని రొట్టెలేందే?"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అవ్వ కనీసం చేతి పిండి దులుపుకోలేదు. "మీరు ఊర్లకు దిగిండ్రని పొద్దుగాలనే ఇన్న. ఎట్లయినా ఇంటింటికి తిరిగి రొట్టెలు అడుగుతరు గదా... ముందుగాలనే చేసి పెట్టిన. కూసోండ్రి, వేడి మీద తినుండ్రి" అంది.

ఊళ్లో దిగితే జనం చేత వండించుకుని తినడం వాళ్లకు అలవాటే. అందుకే నమ్మారు. ఒక్కటి మిగల్చకుండా తిన్నారు... పైగా కారం బాగుందని మళ్లీ వేయించుకున్నారు!

వాళ్లు వీధి మలుపు తిరిగాక అవ్వ గోడకు చేరగిలబడింది. పిండి కుండ ఖాళీ. "నా తమ్ముడు నిన్నటి సంది పస్తున్నడు బిడ్డా..." అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కాసేపటికి పక్కింటి చిన్నవ్వ వచ్చింది. కొంగు చాటున వేడివేడి రొట్టెలు, మధ్యలో నువ్వుల పచ్చడి... అచ్చం అవ్వ చేసినట్టే మూసి ఒత్తినవి. వెనకాలే ఎదురింటామె, ఆ వెనక ఇంకొకామె... ఒక్కొక్కరిది ఒక్కో పచ్చడి.

అవ్వ బిత్తరపోయింది. "మీకెట్ల తెల్సు?"

చిన్నవ్వ నవ్వింది. "నీ పోరగాండ్ల చప్పట్లకు రొట్టె చప్పుడు మరుగున పడ్తదా పిల్లా? మొదటి దినం సంది వాడకంత ఎరుకే. జల్ది తీస్కపో, సల్లారుతయి."

అందరికీ తెలుసు... దొర దగ్గర ఆ మాట చెబితే ఎవరి ఇంటికైనా మేలే జరిగేది. అయినా ఒక్క నోటి నుంచి కూడా బయటికి పొక్కలేదు! మా అవ్వ ధైర్యాన్ని ఎంత మెచ్చుకుంటానో, ఆ ఆడవాళ్లను అంతకంటే ఎక్కువ మెచ్చుకుంటాను. వాళ్ల పుణ్యాన మా మామ ముసలివాడయ్యేదాకా బతికాడు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో గోడ అవతల ఎవరుంటారో నాకు తెలియదు. నేను తిన్నానో లేదో వాళ్లకూ తెలియదు...

మీ వాడలో కూడా అన్నీ తెలిసి, మీ కోసం నోరు విప్పనివాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు కింద రాయండి... మా చిన్నవ్వ పేరు ఎల్లమ్మ.