దిగు బిడ్డా, సికింద్రాబాద్ వచ్చింది

మా దాయమ్మ పోయింది. మొన్న పొద్దున మా వంటింటి గడప మీద కూర్చుని టీ తాగి, "చక్కెర జెర తక్కువేసినవ్" అని నన్ను కసిరి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి లేదు. నల్లా దగ్గర బిందె ఎత్తబోతూ కూలిపోయిందట. కబురు తెచ్చిన పక్కింటి పిల్లను "ఏ దాయమ్మ?" అని అడిగాను, లాలాగూడలో ఇంకో దాయమ్మ ఉన్నట్టు.

రైల్వే గుమాస్తా భార్యనై నేను బెజవాడ వైపు నుంచి వచ్చేనాటికి సికింద్రాబాద్ సముద్రం లేని రేవు. ఇక్కడ తెల్లవాళ్ళ దండు, చుట్టూ నిజాం రాజ్యం. రైలు దిగితే సుంకం వాళ్ళు మూటలు విప్పి చూసేవారు. అరవవాళ్ళు, మరాఠీలు, గుజరాతీలు, ఆంగ్లో ఇండియన్లు, మాబోటి కోస్తా క్రైస్తవులు, ఎక్కడెక్కడి వాళ్ళమో ఒకే వీధిలో కాపురాలు పెట్టాం. అందరి పురుళ్ళూ మా వీధి మంత్రసాని దాయమ్మే పోసేది. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం వాళ్ళది. బిడ్డ చేతిలో పడగానే వంగి, "దిగు బిడ్డా, సికింద్రాబాద్ వచ్చింది" అనేది. అరవవాళ్ళింట్లో అరవంలో, ఆంగ్లో ఇండియన్ల ఇంట్లో తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో. అంత నొప్పిలోనూ తల్లులు నవ్వేవారు.

పోలీసు చర్య నాటికి నాకు నెలలు నిండాయి. పని మీద బెజవాడ వెళ్ళిన మా ఆయన, రైళ్ళు ఆగిపోయి సరిహద్దు అవతలే చిక్కుకుపోయారు. మిలిటరీ లారీలు బొల్లారం వైపు వెళ్ళాక వీధిలో కొందరు మిఠాయిలు పంచుకున్నారు, కొందరు తలుపులు బిగించుకున్నారు. ఆ తర్వాత జిల్లాల నుంచి ముస్లిం కుటుంబాలు ప్రాణాలు దక్కించుకుని పట్నం రావడం మొదలైంది. నాకు నొప్పులు వచ్చింది ఆ రోజుల్లోనే. మా అత్తగారు భయపడుతూనే వెళ్ళి దాయమ్మ తలుపు తట్టారు.

ఆమె వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంటికి చుట్టాలొచ్చిండ్రు, జెర ఆలస్యమైంది" అంది.

"బయట ఇట్లా ఉంటే ఒక్కదానివే ఎలా వచ్చావు?" అన్నాను.

"బయటి సంగతి నీకెందుకమ్మా? రాజ్యం ఏమన్న గానీ, నీ పని నువ్వు చెయ్" అని నా నడుము కింద చెయ్యి వేసింది.

సాయంత్రానికి మా అమ్మాయి పుట్టింది. "దిగు బిడ్డా" అంటూ ఆమె గొంతు ఆగిపోయింది. అలిసిపోయిందనుకున్నాను. నా చేత జావ తాగించాకే ఇంటికి వెళ్ళింది. అప్పటినుంచి ఏటా మా అమ్మాయి పుట్టినరోజుకు అందరికంటే ముందు వచ్చి, దాని నెత్తిన చెయ్యి పెట్టి, కేకు ముక్క తిని వెళ్ళేది.

మొన్న ఆ కబురు విని వెళ్తే, వాళ్ళింట్లో గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె వదిన నా చెయ్యి పట్టుకుంది. "నీ బిడ్డ పుట్టిన దినమే గదమ్మా నేను ఈ ఇంటికొచ్చింది. ఊళ్ళె నా మొగణ్ణి, ఇద్దరు కొడుకులను చంపేసిండ్రు. ఆ కబురు నేనే తెచ్చిన. ఇద్దరం ఏడుస్తుంటే మీ అత్త తలుపు కొట్టింది. 'నువ్ ఏడువ్ వదినా, నేను జెల్ది వస్తా' అని మొకం కడుక్కోని పోయింది. వచ్చినంక ఏడ్చింది."

తన అన్న చావుకబురు విని, కన్నీళ్ళు తుడుచుకున్న చేతులతో ఆమె నా బిడ్డను అందుకుంది. ఇన్నేళ్ళుగా మా గడప మీద టీ తాగుతూ ఒక్క మాటైనా అనలేదు.

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నేను సుత అడిగిన. 'ఏటేటా బర్త్‌డే చేసుకుంటరు, ఆ దినం పిల్లకు గీ కత ఎందుకు?' అన్నది."

ఏటా ఆ రోజు ఆమె మా ఇంటి నుంచి ఇంటికి వెళ్ళి ఏం చేసేదో ఇప్పుడు ఎవరిని అడగను?

అంతలో గేటు దగ్గర రిక్షా గంట మోగింది. "దాయమ్మా, జెల్ది రా! మా కోడలుకు నొప్పులు షురూ అయినయ్!" రిక్షా తొక్కే ముసలాయన కేక. వాకిట్లో మగవాళ్ళు తలలు వంచుకున్నారు. చెప్పడానికి నేనే లేచి గేటు దాకా వెళ్ళాను. అతను నావైపు చూడలేదు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి, ఆమె కూర్చోవడానికి సీటు తుడుస్తున్నాడు.