సంచి ఎవరు పట్టుకుంటారు?

"మీరు చాలా అదృష్టవంతులు సార్" అని ఎవరైనా ఫోను చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినన్నాళ్లూ, రిటైరయ్యాక ఇంకా ఎక్కువగానూ, అదృష్టం అనే మాట మీద నేను ఉపన్యాసం ఇవ్వని వీధి నంద్యాలలో లేదు. అందుకే మొన్న ఎండాకాలంలో ఒక అమ్మాయి ఫోనులో ఆ మాట అనగానే, "ముందు అదృష్టమంటే ఏమిటో నిర్వచించమ్మా" అన్నాను. "మీ కూపన్ తగిలింది సార్. ఆదివారం ఇద్దరికి భోజనం ఫ్రీ" అంది. అంత సూటి నిర్వచనం నేను పండితుల దగ్గర కూడా వినలేదు.

కూపన్ వేసింది నేను కాదు, మా అక్క. ఆళ్లగడ్డ నుంచి చీరలకని నంద్యాలకు వచ్చి, బట్టలంగడిలో పెట్టిన డబ్బాలో చీటీ రాసి వేసింది. తన నంబరు ఎవరికీ ఇవ్వదు కనుక నాది రాసింది.

"నా నంబర్ ఎందుకు రాస్తివక్కా?"

"నీకు ఫోన్లో కొట్లాడేది ఇష్టం గదా. ఒకరిని పంపిస్తి" అంది.

సంగతి ఇదీ. బెంగుళూరు పక్కన ఒక వినోదాల పార్కు ఉంది. గాల్లో తిరిగే కుర్చీలు, నీళ్లలోకి జారే గొట్టాలు, అరుపులు. దానికి మామూలు టికెట్ ఒకటి, ప్రీమియం ప్యాకేజీ ఒకటి. ప్రీమియం అంటే రెండు రోజులు లోపలే బస, ఎంతైనా తినే భోజనం, క్యూలో నిలబడకుండా ముందు దారి, ఫోటోల పుస్తకం, ఇంకా ఏవేవో. ధర మామూలు దానికి నాలుగింతలు. దాన్ని అమ్మడానికి నంద్యాలలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, కూపన్ తగిలినవాళ్లను భోజనానికి పిలిచారు. కూపన్ వేసినవాళ్లందరికీ తగిలిందని అక్కడికి పోయాక తెలిసింది.

నేను భోజనానికి పోలేదు, మోసం బయటపెట్టడానికి పోయాను. చేతిలోంచి విభూతి రాల్చేవాణ్ణి బయటపెట్టాలంటే ముందు సబ్బుతో చేతులు కడిగించాలి. ప్యాకేజీ అమ్మేవాళ్లను బయటపెట్టాలంటే ప్రశ్నలతో కడగాలి. ఇరవై రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. మా ఆవిడ నాతో హేతువాద సభలకు రావడం ఎప్పుడో మానేసింది. అక్కే వచ్చింది, కొత్త చీర కట్టుకుని.

హాలు నిండా జనం. నంద్యాల వాళ్లు, దొర్నిపాడు వాళ్లు, ఆళ్లగడ్డ వైపు రైతులు. సగంమంది నన్ను ఎరుగుదురు. కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. వేదిక మీద ఫోను చేసిన అమ్మాయే నిలబడి ఉంది. తెరమీద గొలుసుల కుర్చీల బొమ్మ వేసింది. ఆకాశంలోకి లేచిన స్తంభం, దాని చుట్టూ గొలుసులకు వేలాడే కుర్చీలు, కుర్చీల్లో కాళ్లు వేలాడేసుకున్న మనుషులు.

లేచాను.

"గొలుసు తెగితే?"

"ఒక్కో కుర్చీకి నాలుగు గొలుసులు సార్. ఒకటి తెగినా మూడు మోస్తాయి."

"పరీక్ష ఎవరు చేస్తారు? ఎప్పుడు?"

"రోజూ పొద్దున్నే సార్. ముందు ఖాళీగా తిప్పుతారు. తర్వాత ఇసుక మూటలు పెట్టి తిప్పుతారు. రిజిస్టరు ఉంటుంది, మీరు అడిగి చూడొచ్చు."

"పెద్ద వయసువాళ్ల మాటేమిటి?"

"అక్కడే బీపీ చూసి ఎక్కిస్తారు."

"డబ్బు కట్టాక మనసు మారితే?"

"వారంలోపు చెబితే మొత్తం వెనక్కి సార్. రాసిస్తాం." అక్కడికక్కడే రాసి, సంతకం పెట్టి, నా చేతికిచ్చింది.

బాబాలు ఇట్లా ఉండరు. బాబాలను అడిగితే కోపం తెచ్చుకుంటారు, శపిస్తారు, శిష్యులను మీదికి ఉసిగొల్పుతారు. ఈ అమ్మాయి నవ్వుతూ జవాబు చెబుతోంది, అది కూడా రుజువుతో. పద్దెనిమిదో ప్రశ్న దగ్గర నాకు చెమట పట్టింది. ఆ సందులో అక్క లేచి నిలబడింది.

"అమ్మాయ్, అది ఎక్కేటప్పుడు సంచి ఎవరు పట్టుకుంటారు?"

హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్లయింది. భద్రత గురించి, ఒప్పందం గురించి మాట్లాడుతుంటే మధ్యలో సంచేమిటి? ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ప్రీమియం వాళ్లకు ఒక మనిషి వెంటే ఉంటాడు పెద్దమ్మా. సంచులు, చెప్పులు, కళ్లద్దాలు అన్నీ ఆయనే పట్టుకుంటాడు. మామూలు టికెట్‌కైతే మీవాళ్లే ఎవరో ఒకరు కింద ఉండాలి" అంది. అక్క "సరే" అని కూర్చుంది.

మిగిలిన నాలుగింటికీ జవాబులు వచ్చాయి. నా ప్రశ్నలు అయిపోయాయి. కూర్చున్నాను. అదే నేను చేసిన తప్పు.

ఎందుకంటే మా వాదసభల్లో ఒక నియమం ఉంది. ప్రశ్నలు అయిపోయి కూర్చున్నవాడు ప్రతిపాదనను ఒప్పుకున్నట్టే లెక్క. ఆ నియమాన్ని ఆ హాల్లో ఉన్న సగంమందికి నేర్పింది నేనే. ఎరువుల అంగడి పెట్టుకున్న దొర్నిపాడు శిష్యుడొకడు లేచి, చెయ్యెత్తి అరిచాడు.

"సారే గమ్మునైపాయనంటే ఇంగ దీంట్లో మోసం ల్యా! రాసుకో తల్లీ నా పేరు!"

వరస కట్టారు. పెళ్లిలో వడ్డనకు కూడా అంత తొందరపడరు. బయటపెట్టడానికి పోయినవాణ్ణి పూచీదారుణ్ణయి కూర్చున్నాను. ఆ అమ్మాయి నా ఆకులో రెండో జిలేబీ వేయించి, "మీలాంటి సార్ ఊరికొకరు ఉంటే చాలు సార్" అంది. ఎరువుల శిష్యుడు భుజం మీద చెయ్యి వేసి, "నాకు వచ్చే నెల తేదీ ఇచ్చినారు సార్. మీరు ముందు పోయి చూసి ఒక్క ఫోన్ కొట్టండి. దుడ్లకు తగినట్ల ఉంటేనే నేను పోతా, లేకుంటే తేదీ మార్చుకుంటా" అన్నాడు.

"నేను పోవడమేమిటి?" అన్నాను.

వరసలో మూడో మనిషి మా అక్క. శనగలు అమ్మిన డబ్బు రవిక లోపలి పర్సులోంచి తీసి అడ్వాన్సు కట్టేసింది. ఇద్దరి ప్యాకేజీ. రెండో మనిషి అన్న గడిలో నా పేరు రాయించింది.

వారం గడువు. ఇంటికి వచ్చి కాగితం తీసుకుని, ప్యాకేజీలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాను. ఫోటోల పుస్తకం: కొట్టేశాను. స్వాగతం పూసల దండ: కొట్టేశాను. బఫే: అక్క తినేది గుప్పెడు, కొట్టేశాను. సంచి మోసే మనిషి: రెండు గీతలతో కొట్టేశాను. మిగిలింది గొలుసుల కుర్చీ. అది మామూలు టికెట్‌కూ ఉంది. తర్కం పూర్తయింది. గురువారం ఆళ్లగడ్డ బస్సెక్కాను.

అక్కావాళ్ల వీధి చివర శిల్పుల షెడ్లున్నాయి. రాయి కోసే మిషను పగలంతా అరుస్తూనే ఉంటుంది. అందువల్ల ఆ వీధిలో అందరూ పక్కనున్నవాళ్లతో కూడా కేకలేసే మాట్లాడతారు. మా వాదం ఎంతమంది విన్నారో నాకు తెలియదు. బావ మంచం మీద కూర్చుని, స్టీలు గ్లాసు, చెంచా దగ్గర పెట్టుకున్నాడు. మా ఇంట్లో వాదం మొదలైతే గంట కొట్టేది ఆయనే. ప్యాకేజీకి ఆయన రాడు. ట్రాక్టరు ఎక్కితేనే తనకు కండ్లు తిరుగుతాయంటాడు.

"క్యూలో ముందు దారి అంటే ఏందో తెల్సునా అక్కా?" అని మొదలుపెట్టాను. "గుళ్లో డబ్బు కట్టి ముందుకు పోయే దర్శనం మాదిరిదే. దుడ్లున్నోడు ముందు, లేనోడు ఎండలో. దాని మీద నేను ఎన్ని సభల్లో మాట్లాడినా! నా పేరుతో అదే టికెట్ కొంటావా?"

"నువ్వు మాట్లాడినావని నేను ఎన్నడూ ఆ టికెట్ తీసుకోల్యా. మోకాళ్లు పట్టుకపోయినా ధర్మదర్శనంలోనే నిలబడుకుంటి. దేవుని కాడ వొద్దంటివి, సరే." అక్క కొంగు దోపుకుంది. "ఈడ దేవుడు లేడు గదా?"

బావ చెంచాతో గ్లాసు మీద ఒకటి కొట్టాడు. అక్కకు ఒక మార్కు అని అర్థం.

"ఆ డబ్బు మంచి పనికి పెట్టుకో."

"పదేండ్ల కింద కాశీకి పోతానంటి. గంటసేపు మాట్లాడి ఆపితివి. సచ్చినాక స్వర్గమూ లేదు, ఏమీ లేదు, ఉండేది ఈ బతుకొక్కటే అంటివి. నమ్మితి. స్వర్గం లేకపాయ, కాశీ లేకపాయ. ఇంగ నేను పోయేకి యాడన్నా ఒక తావు మిగిలించినావా?"

గ్లాసు మీద రెండు దెబ్బలు.

ఇక నా బ్రహ్మాస్త్రం తీశాను. బ్రహ్మను నమ్మను గాని అస్త్రాన్ని నమ్ముతాను. "నేను వొద్దనేది పార్కును కాదు, ప్రీమియాన్ని. అదే డబ్బుకు మామూలు టికెట్లు ఎనిమిది వస్తాయి. కొడుకులు, కోడండ్లు, మనవండ్లు అందరూ పోవచ్చు. ఒక మనిషి సంచి పట్టుకునేకి ఇంకో మనిషా? అది దొరతనం కాదా?"

నేను గెలిచాననుకున్నాను. రాయి కోసే మిషను అప్పుడే ఆగింది.

"అందరమూ పోతే సంచులు ఎవరు పట్టుకుంటారు?" అంది.

"ఎవరో ఒకరు పట్టుకుంటారులే."

"ఆ ఎవరో ఒకరు ఎవర్రా?"

ఆమే చెప్పింది. చిన్నప్పుడు తిరునాళ్లలో రంగులరాట్నం వస్తే నాయన నన్ను గుర్రం మీద ఎక్కించాడు, నా చెప్పులు అక్క చేతికిచ్చాడు. పెళ్లయ్యాక ఎగ్జిబిషన్‌కు పోతే మరుదులు ఎక్కారు, సంచులన్నీ అక్క ఒళ్లో. తర్వాత కొడుకులు. తర్వాత మనవళ్లు. "అమ్మ కాడ పెట్టండి", "అవ్వ కాడ పెట్టండి". ఎన్ని ఊయలలు ఊగినా అన్నీ కింది నుంచే చూసింది.

"వాండ్ల సంగతి ఇడిచిపెట్టు. నీ సంగతి చెప్తా" అంది. "ఈ ఊరి మైదానంలో నిప్పుల మీద నడిపిస్తివే, మతికుందా? ఇది మహిమ కాదు, బూడిద కప్పిన నిప్పు మీద బేగా నడిస్తే ఎవరికీ కాలదు, ఆడోళ్లయినా మొగోళ్లయినా రండని మైకులో పిలిస్తివి. నేను ముందుకొస్తి. నేనూ నడుస్తా అంటి. ఏం చేస్తివి?"

నాకు మతికి ఉంది. ఆ క్షణం దాకా లేదు, కాని అప్పుడు వచ్చింది. నా చెప్పులు, గడియారం విప్పి అక్క చేతిలో పెట్టి, "జాగ్రత్తక్కా, జనం జాస్తి ఉండారు" అన్నాను. తర్వాత నిప్పుల మీద నడిచి, అవతలి ఒడ్డున స్త్రీపురుష సమానత్వం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాను. అక్క నా చెప్పులు పట్టుకుని విన్నది. చప్పట్లు కొట్టడానికి కూడా ఆమెకు చేతులు ఖాళీ లేవు.

ప్యాకేజీలో నేను రెండు గీతలతో కొట్టేసిన ఆ ఒక్క అంశానికే అక్క శనగల డబ్బు మొత్తం పెట్టింది.

బావ చెంచా ఎత్తి పట్టుకుని అడిగాడు. "ఏమప్పా బామ్మర్దీ, ప్రశ్నలు ఇంకేమన్నా ఉండాయా?"

"లేవు బావా."

"అయితే కూర్చో" అన్నాడు. కూర్చున్నాను.

రెండు వారాల తర్వాత పార్కులో ఉన్నాం. దండ వేశారు. యాభై ఏళ్ల మనిషి ఒకాయన టోపీ పెట్టుకుని వచ్చి, "అమ్మా, మీ సామాన్లు ఇటివ్వండి" అని చేతులు చాచాడు. అక్క ఒక్కొక్కటిగా ఇచ్చింది. సంచి. కళ్లద్దాలు. చెప్పులు విప్పి, వంగి తీసి, తుడిచి ఇచ్చింది. తర్వాత ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ముందుకూ వెనక్కూ ఊపింది.

గొలుసుల కుర్చీల దగ్గర బీపీ చూశారు. అక్కకు నూట ఇరవై. నర్సు మెచ్చుకుంది. నా వంతు వచ్చింది. నేను తల పైకెత్తి స్తంభం చివర చూసి, నాలుగు గొలుసులు, ఇసుక మూటలు, అపకేంద్ర బలం, అన్నీ గుర్తు చేసుకున్నాను. పొద్దున రిజిస్టరు కూడా అడిగి చూశాను. భౌతికశాస్త్రం నా తలలో ఉంది గాని మోకాళ్ల దాకా దిగలేదు. నర్సు యంత్రాన్ని రెండుసార్లు చూసి, "సార్ ఎక్కకూడదు" అంది. రుజువు ఉన్నచోట వాదించడం నా పద్ధతి కాదు. వెంటనే ఒప్పుకున్నాను.

"కింద కూర్చో. భయపడాకు" అని అక్క ముందు దారిలో పోయి, ఎవరో కాలేజీ పిల్ల పక్క కుర్చీలో కూర్చుంది.

కుర్చీలు లేచాయి. నేను టోపీ మనిషి పక్కన నిలబడ్డాను. ఆయన చేతిలో అక్క సంచి, రెండు వేళ్లకు తగిలించుకున్న చెప్పులు. చూస్తూ ఉండలేకపోయాను.

"ఇట్లివ్వప్పా, నేను పట్టుకుంటా."

"దీనికే కదా సార్ మీరు డబ్బు కట్టింది?"

"ఆమె కట్టిందిలే. ఇవ్వు."

సంచి బరువుగా ఉంది. అందులో ఏముందో ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు. పైన కుర్చీలు గిరగిరా తిరుగుతున్నాయి. ఏ కాళ్లు అక్కవో తెలియలేదు. అరుపుల్లో ఒకటి మాత్రం పోల్చుకున్నాను. రాయి కోసే మిషనును మించి అరవడం ఆళ్లగడ్డలో ఆ వీధి వాళ్లకే వచ్చు.

దిగి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది, కొంగు భుజం చుట్టూ తిరిగింది, కాళ్లకు చెప్పుల్లేవు. నన్ను చూసింది, నా చేతుల్లోని సంచిని, చెప్పులను చూసింది. టోపీ మనిషిని అడిగింది.

"సరిగా పట్టుకున్యాడా?"

"పట్టుకున్నారమ్మా" అన్నాడాయన.

"అయితే ఉండనీ. ఇంగోసారి పోయొస్తా."

ప్రీమియం వాళ్లు ఎన్నిసార్లయినా ఎక్కవచ్చునట. మళ్లీ ముందు దారిలో పోయింది. జేబులో ఫోను మోగింది. ఎరువుల శిష్యుడే అయి ఉంటాడు, దుడ్లకు తగినట్లుందా లేదా అని అడగడానికి. తీద్దామనుకున్నాను గాని చేతులు ఖాళీ లేవు.