తడిక దగ్గర చెప్పిన మాట

అబద్ధమాడాల్సిన వయసు నాకు దాటిపోయింది. ఇది జరిగింది. సొంతంగా కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి, దెయ్యాలంటే ఇప్పటికీ నవ్వుతాను. కానీ ఆ రాత్రి విన్నది విన్నాను.

వెయ్యితొమ్మిదివందల ముప్పైలనాటి మాట. నా భార్య మాణిక్యం తొలికాన్పుకి కొల్లేటి ఒడ్డున పుట్టింట్లో ఉంది. బిడ్డ పుట్టిందని కబురొస్తే పెంటపాడు నుంచి వెళ్లాను. పురుడు తీరేదాకా మగవాడు ఆ గదిలోకి వెళ్లకూడదు. నీళ్లవైపు వసారాలో కూర్చుని తడికకి చెవి ఆనించాను. అవతల్నించి మాణిక్యం గొంతు.

"నిద్ర పట్టట్లేదండీ... బిడ్డ ఏడవకపోయినా ఏడుపు వినిపిస్తోంది. ఎత్తుకుంటే... ఈ చేతులు నావి కావండీ. ఏం చేసేస్తాయోనని భయం. ఎవరికీ చెప్పకండి."

"ఒట్టు" అన్నాను.

అత్తగారితో ఒక్కటే అన్నాను, మాణిక్యాన్ని ఏలూరు లేడీ డాక్టరుకి చూపిద్దామని.

"అలాగేనండీ అల్లుడుగారూ, పొద్దున్నే దోనె కట్టిస్తాను."

ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళకే దోనె వచ్చింది. అందులోంచి మంత్రగాడు దిగాడు!

"గాలి సోకిందండీ. దీనికి ఆసుపత్రిలో మందుంటుందా?" అంది అత్తగారు, నా మొహం చూడకుండా.

ముగ్గు. గుగ్గిలం పొగ. డప్పు. మాణిక్యాన్ని గుమ్మంలో కూర్చోబెట్టి వేపమండలతో బాదుతున్నాడు. అడ్డుపడబోతే బావమరుదులిద్దరూ పట్టుకున్నారు.

"ఆగండి బావగారూ, దెయ్యం మీ మీదకి దూకుతుంది!"

"దూకనీ. మీకన్నా నయం!"

"ఎవతివే నువ్వు? చెప్పు!" అని వాడి అరుపులు. మాణిక్యం తల మోకాళ్లలో దాచుకుంది.

డప్పు ఆగింది...

కప్పలూ ఆగాయి. వసారా గుంజకి నీళ్లు తగిలే చప్పుడొక్కటే... తప్... తప్...

వాడు తల పక్కకి వంచాడు. ఎవరో చెవిలో చెబుతున్నట్టు. తర్వాత మెల్లగా... ఆడగొంతుతో...

"ఈ చేతులు నావి కావండీ."

ఆ 'అండీ'తో సహా! దెయ్యమెక్కడైనా అండీ అంటుందా?

మాణిక్యం తలెత్తింది. వాడివైపు చూడలేదు. నావైపు చూసింది.

తెల్లారకుండానే తల్లినీ బిడ్డనీ దోనెలో ఎక్కించి నేనే ఏలూరు తీసుకుపోయాను. కాన్పయ్యాక కొందరు తల్లుల మనసుకి జబ్బు చేస్తుందనీ, నిద్రపోనివ్వమనీ, ఒంటరిగా వదలొద్దనీ చెప్పింది డాక్టరమ్మ. నెలలు పట్టింది గానీ తేరుకుంది. బిడ్డా దక్కింది.

కానీ బతికినన్నాళ్లూ నాతో ఉప్పు, చింతపండు మాటలే. మనసులో మాట మళ్లీ చెప్పలేదు. "నేను చెప్పలేదే" అంటే, "పోనివ్వండి" అనేది.

మాణిక్యం నాకా మాట చెప్పినవేళ అత్తగారు రేవులో ఉంది. మంత్రగాడు అప్పటికింకా ఊళ్లోకే రాలేదు. తడిక అవతల మాణిక్యం, ఇవతల నేను. నా వెనక... నీళ్లు.

మాణిక్యం కూడా పోయింది. వాడికెవరు చెప్పారో నాకు తెలీదు.

నేను చెప్పలేదు. మీరైనా నమ్మండి.