పెద్దబాపు చెవిలో అత్తరు దూది

నా చిన్నప్పుడు మా ఇంట్లో అత్తరు వాసన వచ్చిందంటే కామారెడ్డి నుంచి మా పెద్దబాపు దిగాడని లెక్క. మా బాపుకు అన్న. చెవి మడతలో అత్తరు దూది, ఇస్త్రీ చొక్కా, భుజం మీద నలగని తువ్వాల. లింగంపేటలో బస్సు దిగి ఆయన మా గడప తొక్కేలోపే ఆ వాసన ముందు వచ్చేది. పిల్లలం ఎగబడి ఆయన పక్కన చేరేవాళ్ళం. ఇప్పుడు ఆ వాసన నాకు పడదు.

ఒక ఏడాది వానల్లో మా నాయనమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. మా అమ్మ పురుటికని బీర్కూరులో పుట్టింట్లో ఉంది. ఇంట్లో నేను, మా బాపు, మంచంలో నాయనమ్మ. బీడీలు చుట్టి చుట్టి ఇద్దరు కొడుకులను సాకిన మనిషి ఆమె. లేచే ఓపిక లేక అన్నీ పడుకున్న చోటే అయిపోయేవి. కబురు అందుకుని పెద్దబాపు వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? గుమ్మం దగ్గరే నిలబడి, చెవిలోని దూది తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మా బాపు అప్పటికే ముక్కుకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు.

"చాకలామెకు కబురు పెట్టినవా?" అని ఆయన. "పెట్టిన అన్నా, పెండ్లికి పోయిందట, రేపొస్తదట" అని ఈయన. ఇక పొద్దంతా అదే ముచ్చట. మైల బట్టలు ముట్టడం ఆమె పని, మగవాళ్ళం మనం ముడితే నలుగురూ ఏమంటారు అని. అటూ ఇటూ తిరిగి పెద్దబాపు "ఛీ ఛీ, ఏం కంపురా" అంటూ వాకిట్లో ఉమ్మాడు. లోపల కన్నతల్లి వింటోందన్న ఇంగితమైనా లేదు. థూ, ఏం బతుకులు!

నాయనమ్మ విననే విన్నది. అప్పటి నుంచి నీళ్ళు తాగడం మానేసింది. నేను చెంబు పట్టుకుని పోతే పెదవులు బిగించి, "తాగితె మల్ల అయితది బిడ్డా, నాకద్దు" అనేది. నాలుక పిడచకట్టింది, కళ్ళు లోపలికి పోయాయి. డాక్టరు వచ్చి సూది వేసి, నీళ్ళు తాగిస్తూ ఉండండి, లేకపోతే మనిషి దక్కదు అని చెప్పి వెళ్ళాడు. కొడుకులిద్దరూ వాకిట్లో నిలబడి బుద్ధిగా తలలూపారు. గడప మాత్రం దాటలేదు.

మా వెనకింట్లో ఒక సర్దారమ్మ అద్దెకుండేది. నాందేడ్ వైపు నుంచి వచ్చిన సిక్కుల ఆడమనిషి, భర్త లారీ నడిపేవాడు. వాళ్ళు తంబాకు ముట్టరు, మా ఇల్లు చూస్తే మూలమూలకూ బీడీ తంబాకే. అందుకని ఆమె ఎన్నడూ మా ఇంట్లోకి రాలేదు. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ అవతలి నుంచే పలకరించేది. అది చూసి మా నాయనమ్మకు మంట. మాకు బువ్వ పెట్టేది అదే, దాన్ని చూసి ముక్కు మూసుకుంటదా అని సణిగేది. ఆ రోజు నేను గోడ దగ్గర నిలబడి ఏడుస్తుంటే సర్దారమ్మ సంగతి అడిగింది. నీళ్ళు తాగడం లేదని చెప్పాను. మరో మాట అడగకుండా చుట్టు తిరిగి మా వాకిట్లోకి వచ్చింది.

"చాకలామె రేపొస్తదమ్మా, నీకెందుకు గీ పని?" అన్నాడు పెద్దబాపు.

"గప్పటిదాంక అవ్వ ఉంటదా భయ్యా?" అంది ఆమె. చున్నీ నడుముకు బిగించి, తంబాకు చాట దాటి లోపలికి పోయింది.

నన్ను నీళ్ళు పొయ్యమంది. దాచడం ఎందుకు, ఆ గదిలో ఊపిరాడలేదు. మంచం మీది చాప తీయగానే నాకు వాంతి వచ్చింది. సర్దారమ్మ కూడా ఓసారి తల పక్కకు తిప్పుకుని ఓకరించింది. "నాకు గూడ ఛీ అనిపిస్తున్నది బిడ్డా. అనిపియ్యనీ, చెయ్యి మాత్రం ఆపకు" అంది. మా నాయనమ్మ చేతులు వెనక్కి లాక్కుంది, తంబాకు అంటినవి, ముట్టొద్దని. సర్దారమ్మ ఆ పసుపుబారిన వేళ్ళను పట్టుకుని ఒక్కొక్కటే కడిగింది.

కడుగుతూనే నాకు కథ చెప్పింది. వాళ్ళ మొదటి గురువు గిన్నె ఒకటి మురుగు గుంటలో పడిందట. తీయమని కొడుకులను అడిగితే, బట్టలు పాడవుతాయి, ఎవరినైనా పిలిపిద్దాం అన్నారట. తెల్లబట్టలతో ఉన్న శిష్యుడు మాత్రం గుంటలోకి దిగి, గిన్నె తీసి, కడిగి చేతికిచ్చాడట. గురువు తన పీఠం కొడుకులకు కాక ఆ శిష్యుడికే ఇచ్చాడట. సర్దారమ్మకు ఆ రెండో గురువు కన్నా ఆయన ఇల్లాలి మీదే ప్రేమ ఎక్కువ. అంతటి వాడి పెళ్ళామై ఉండి, వచ్చిన ప్రతివాళ్ళకూ తన చేతులతో నెయ్యి పోసిన పాయసం వడ్డించేదట. వాళ్ళ బిడ్డ తెల్లవారకముందే మజ్జిగ చిలుకుతూ గురువు పాటలు పాడేదట.

నాకు మాత్రం మొదటి గురువు కొడుకుల మీదే మనసు నిలిచింది. "అయితే వాళ్ళు గూడ దూది పెట్టుకున్నరా?" అని గట్టిగానే అడిగాను. సర్దారమ్మకు నవ్వాగలేదు. గుమ్మంలో పెద్దబాపు గొంతు సవరించుకుని, ఆఖరి బస్సు పోతదంటూ మెల్లగా జారుకున్నాడు. మా బాపు తువ్వాల విప్పి, తల దించుకుని వచ్చి, మైల బట్టల మూట ఎత్తుకుని వాగు దిక్కు నడిచాడు.

అప్పుడు సర్దారమ్మ చెంబు అందుకుంది. నాయనమ్మ మళ్ళీ అదే మాట, తాగితె మల్ల అయితదని.

"అయితె మల్ల కడుగుత. తాగు అవ్వా."

 నాయనమ్మ నోరు తెరిచింది. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, మునుపటిలాగే బీడీలు చుట్టింది. సర్దారమ్మ గోడ దగ్గరికి వస్తే మాత్రం చాట పక్కకు నెట్టి, చేతులు కడుక్కుని లేచేది. పెద్దబాపేమో నలుగురిలో కూర్చుని తల్లికి చేసిన సేవ గురించి చెప్పుకునేవాడు. సిగ్గూ శరం ఉంటేగా!

నేను కూడా మా అత్తకు చేశాను, మా ఆయనకు చేశాను. ప్రతిసారీ ఛీ అనిపించింది, చెయ్యి మాత్రం ఆపలేదు. మొన్న ఎల్లారెడ్డిలో ఒక పెళ్ళికి పోతే గుమ్మంలో అత్తరు రాస్తున్నారు. నా చెయ్యి దానంతటదే కొంగు లాగి ముక్కుకు అడ్డం పెట్టింది. నేను ముక్కు మూసుకునేది ఆ ఒక్కదానికే.