ముట్టుకోకుండా రాసిన 98.4

1983 జూన్‌లో నన్ను తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రి ప్రసూతి వార్డుకు సిస్టర్ ట్యూటర్‌గా వేశారు. సిస్టర్ ట్యూటర్ అంటే వార్డులో నర్సింగ్ విద్యార్థినుల పక్కన నిలబడి పని నేర్పే మనిషి. అప్పటికే డాక్టరేట్‌కు పేరు నమోదు చేసుకుని ఉన్నాను. నర్సింగ్‌లో అంత దూరం చదివినవాళ్లను ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చంద్రగిరిలో మా నాయన, "సూదులేసేదానికి డాక్టరు పట్టా ఏందిమ్మా?" అని నవ్వేవాడు. ఆ పట్టా ఉంటే ప్రొఫెసర్ కావచ్చు, ప్రిన్సిపాల్ కావచ్చు, మా పాఠాలు డాక్టర్లు కాకుండా మేమే రాసుకోవచ్చు. నాకు ఆ యావ గట్టిగానే ఉండేది.

నా పరిశోధన కాన్పు తర్వాత బాలింతలకు వచ్చే జ్వరం మీద. దానికి ఆధారం టి.పి.ఆర్. చార్టు. మంచం కాళ్లవైపు తగిలించే ఆ కాగితంలో ఉష్ణోగ్రత, నాడి, శ్వాస విద్యార్థినులు పూటపూటకూ రాస్తారు. ఆ చార్టులను రోజూ నోటుబుక్కులోకి ఎత్తి రాసుకునేదాన్ని. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ చార్టు నాకు పనికిరాదు. అందుకని ఒక నియమం పెట్టాను. పెద్ద డాక్టర్ ఉదయం రౌండ్స్‌కు వచ్చేసరికి ఖాళీ గడి కనబడితే, అది రాయాల్సిన పిల్లను అందరి ముందూ నిలబెట్టి దులిపేసేదాన్ని. నెల తిరక్కుండానే చార్టులన్నీ నిండుగా కనబడ్డాయి. ఎంత మురిసిపోయానో!

రెండేళ్లు గడిచాయి. వడమాలపేట నుంచి సుజాత అనే అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. కాన్పు మామూలుగానే అయింది. మూడో రోజు పొద్దున నేను చార్టులు రాసుకుంటూ ఉంటే ఆమె తల్లి మునెమ్మ నాకు అడ్డం వచ్చి నిలబడింది.

"అమ్మా, నా కూతురి ఒళ్లు కాలిపోతా ఉండాది. ఒక్కపాలి సూడమ్మా" అంది.

చార్టు తీసి చూశాను. 98.4 అని ఉంది. అంటే మామూలు వేడి.

"జరం లేదు పెద్దమ్మా. బాలింత ఒళ్లు వెచ్చగానే ఉంటాది. ఊరికే బెంగ పడొద్దు" అని పక్క మంచానికి వెళ్లిపోయాను. సుజాత నాకు రెండడుగుల దూరంలోనే పడుకుని ఉంది. నేను చేయి చాచలేదు.

సాయంత్రానికి చలీ వణుకూ పట్టుకున్నాయి. నెత్తురంతటా చీము విషం పాకిందన్నారు డాక్టర్లు. చేయగలిగిందంతా చేశారు. ఐదో రోజు మధ్యాహ్నం సుజాత పోయింది. మునెమ్మ పసిగుడ్డును పాత చీరలో చుట్టుకుని వెళ్లింది.

ఆ చార్టు రాసిన రెండో సంవత్సరం విద్యార్థిని విమలను పిలిచి అడిగాను. తల వంచుకునే చెప్పింది: "ఖాళీ గడి ఉండగూడదని చెప్పింది మీరే గదా మేడమ్. ఒక్క థర్మామీటరుతో ముప్పై మందికి రౌండ్స్ లోపల యాడ అయితాది? మిగిలినోళ్లకు 98.4 ఏసేస్తాము. నేనొక్కదాన్నే గాదు, అందరమూ."

మనిషికి మూడు నిమిషాలు, ముప్పై మంచాలు. ఈ లెక్క నాకు రానిది కాదు. ఎన్నడూ వేసి చూసుకోలేదు, అంతే.

విమలను ఇంటికి పంపేయాలని మేట్రన్ అన్నారు. నియమం నాది, తప్పూ నాదే అని రాసిచ్చాను. నా పరిశోధనకు గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్ మద్రాసులో ఉండేవారు. ఆ ఒక్క చార్టు తీసేసి మిగతావాటితో సిద్ధాంత గ్రంథం సమర్పించమని ఆయన సలహా. రెండు రోజులు ఊగిసలాడాను, దాచడం దేనికి! కానీ ఏ 98.4 చూసి రాసిందో, ఏది చూడకుండా రాసిందో ఇక ఎవరు చెప్పగలరు? నోటుబుక్కులన్నీ పక్కన పెట్టేశాను. ఆ ఏడు రావలసిన పదోన్నతి నాకంటే చిన్నామెకు వెళ్లింది.

ఒక ఆదివారం బస్సెక్కి వడమాలపేట వెళ్లాను. జరిగింది జరిగినట్టు మునెమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. మనవరాలిని ఒళ్లో వేసుకుని జోకొడుతూ కూర్చుంది.

"కాయితం సంగతి నాకేం తెలుస్తాదిమ్మా" అంది చివరికి. "ఆ పొద్దు నువ్వొక్కపాలి సెయ్యి పెట్టి సూసుంటే సాలు గదా."

సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.

పరిశోధన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ప్రతి ఉష్ణోగ్రతా నా చేత్తో చూసి రాశాను. నాలుగేళ్లు పట్టింది. పట్టా వచ్చింది, ఆ తర్వాత ప్రిన్సిపాల్ గదీ వచ్చింది. పేరు ముందు డాక్టర్ అని రాసిన మొదటి ఉత్తరం అందిన రోజున సంతోషించలేకపోయాను. నాయన మాత్రం దాన్ని వీధంతా చూపించుకున్నాడు.

నా దగ్గర చేరిన ప్రతి పిల్లకూ మొదటి రోజే రెండు మాటలు చెప్పేదాన్ని. చూడనిది రాయొద్దు, గడి ఖాళీగా వదలండి, నేనేమీ అనను. ఒళ్లు కాలుతోందని ఇంటివాళ్లు చెబితే, చార్టు తీయకముందే చేయి వేసి చూడండి. ఈ రెండూ తెలియడానికి డాక్టరేట్ అక్కర్లేదు. రెండోది మునెమ్మకు ముందే తెలుసు.