కుడి సీట్లో మా బావ

మా బావ పైలట్ అని తెలిస్తే మా చుట్టాల్లో ఎవరైనా ముందు నోరు తెరుస్తారు, తర్వాత నా వంక జాలిగా చూస్తారు. నేను అదే విమానాశ్రయంలో విమానాలకు ఇంధనం పట్టే బండి నడుపుతాను. ఆయన పైన, నేను కింద అని వాళ్ళ లెక్క. పరాయి దేశంలో మేము బతికే తీరు చూడని వాళ్ళు ఇంకెలా అనుకుంటారు? నిజం చెప్పాలంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇద్దరం నేల మీదే ఉండేవాళ్ళం.

భుజాల మీద బంగారు చారలు, మెడలో టై, మా అక్క మడత చెదరకుండా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ఆ అవతారంలో మా బావ పెట్టెలు మోసేవాడు, తోలు సీట్లు తుడిచేవాడు, పూలు సర్దేవాడు, మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేయించేవాడు. చివరగా దుమ్ము లాగే మిషను పట్టుకుని, తివాచీ మీద తన అడుగులు పడకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ తలుపు దాకా వచ్చేవాడు. విమానం నడిపిన గంటలు తక్కువున్న విదేశీ పైలట్‌కు సొంత విమానాల కొలువంటే ఇదే. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తీసి పక్కన పెట్టని మనిషి ఆయన. చూస్తుంటే నాకు నవ్వూ వచ్చేది, కడుపూ మండేది.

ఆ విమానం ఒక కోటీశ్వరుడిది. పట్టుమని పదిమంది పట్టరు. చట్టం ప్రకారం దానికి ఒక్క పైలట్ చాలు. రెండోవాడు ఉంటే యజమాని భార్యకు ధైర్యంగా ఉంటుందని మా బావను కుడి సీట్లో పెట్టుకున్నారు. అందుకే ఆయన అక్కడ కూర్చుని ఎన్ని సముద్రాలు దాటినా ఆ గంటలు లెక్కలోకి రావు. తన చేతులతో నడిపితేనే వస్తాయి. యజమాని కుటుంబం ఎక్కితే ఎడమ సీట్లో కూర్చునే పెద్ద పైలటే నడపాలని కట్టడి. వాళ్ళను ఎక్కడో దింపి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు, ఆయనకు మనసైతే మా బావ చేతికి ఇచ్చేవాడు. మనసు కావడమే అరుదు.

పెద్ద విమానయాన సంస్థలేమో ఫలానా ఇన్ని గంటలు నడిపినవాడికే తలుపు తీస్తాయి. గంటలు లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే గంటలు రావు. మా బావ ఆ గంటల కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాడు. వందలమంది ఎక్కే విమానాన్ని ఒక్కసారైనా తను నడపాలన్నదే ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. మిగతావన్నీ మా అక్కే చూసుకునేది. ఆసుపత్రిలో నర్సుగా డ్యూటీ చేసి వచ్చి, ఆ రెండు గదుల ఇంటిని లాక్కొచ్చేది.

ఎడమ సీట్లో కూర్చునే ఆయన్ని మేము పెద్దాయన అనేవాళ్ళం. మన భాష వాడే. పరాయి చోట మన మాట చెవిన పడితే చాలు, మా బావ వెన్నలా కరిగిపోతాడు. పెద్దాయన చెడ్డవాడని నేను అనను. ఎంతమంది ముందైనా మా బావను 'బాబూ' అనే పిలిచేవాడు. కాకపోతే ఆ మధ్య ఆయన చూపు మందగించింది. ఇంధనం అంకె కనబడక, చూడమని నన్నే అడిగేవాడు. నేను చదివి చెప్పి ఊరుకునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం యజమాని కుటుంబంతో దూరదేశం నుంచి వస్తున్నారని తెలిసి, నా బండి పక్కన పెట్టుకుని నిలబడ్డాను. విమానం దిగడం రోజూ చూసేదే. నేలకు దగ్గరయ్యాక ముక్కు కాస్త పైకెత్తాలి, అప్పుడు చక్రాలు మెత్తగా ఆనుతాయి. ఆ రోజు అది ఎత్తాల్సిన చోట ఎత్తలేదు. రాయి పడ్డట్టు పడింది, పైకి ఎగిరింది, మళ్ళీ పడింది. మా అక్క ముఖమే కళ్ళముందు మెదిలింది.

మెట్లు దిగి వచ్చిన యజమాని చొక్కా నిండా కాఫీ. ఆయన భార్య వణికిపోతోంది.

"ఎవరు దింపారు?" అని అడిగాడాయన.

పెద్దాయన మా బావ భుజం మీద చెయ్యి వేశాడు. "కుర్రాడు సార్. నేర్చుకుంటాడని నేనే ఇచ్చాను. తప్పు నాదే అనుకోండి. ఉద్యోగం మాత్రం తీయకండి."

యజమాని మా బావను పైనుంచి కిందికి ఒక చూపు చూసి కారెక్కాడు. కారు మలుపు తిరిగాక పెద్దాయన మా బావను నా బండి చాటుకు తీసుకొచ్చాడు. గొట్టం తగిలిస్తున్న నేను ఆయన కంటికి ఆనలేదో, ఆనినా మనిషి కింద లెక్క కాదో.

"బాబూ, నాకు వైద్య పరీక్ష దగ్గరపడింది. ఇది నా పేరున పడితే కళ్ళ సంగతి తవ్వుతారు. కొత్తవాడివి, నీకేం కాదు. అందరం ఎప్పుడో ఒకసారి ఇలా కొట్టినవాళ్ళమే. ఈ ప్రయాణం నువ్వే నడిపావని రాసేస్తాను. ఆ గంటలు నీవే."

"మొత్తం ప్రయాణమా సార్?" అన్నాడు మా బావ.

నాకు ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో పరువు తీసినవాణ్ణి కాలర్ పట్టుకుని అడగాల్సిన మనిషి, గంటల గురించి అడిగాడు. పెద్దాయన తలూపి చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"బుద్ధుందా బావా నీకు?" అన్నాను.

"ఒరేయ్, ఇన్నాళ్ళు మూటలు మోసినా రాని గంటలు ఒక్క మాటతో వస్తున్నాయి రా. నాకు తక్కువైనవి అవే. ఇక దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోయేదేముంది?"

"అక్కకేం చెప్తావు?"

"నేనే దింపానని చెప్తాను. నువ్వు నోరు జారకు."

అలాగే చెప్పాడు. మా అక్క ముందు ఆయన ఒళ్ళంతా తడిమి చూసింది. "దెబ్బలేం తగల్లేదు కదండీ," అంది. తర్వాత "యజమాని ఎక్కినప్పుడు కూడా మీ చేతికిచ్చారా?" అని అడిగింది. ఆ అడగడంలో ఎక్కడా కోపం లేదు. మర్నాడు ఫోనులో ఊళ్ళో ఉన్న తోడికోడలితో, "కుటుంబంతో సహా ఎక్కినా ఈయనకే ఇచ్చారే," అని గొప్పగా చెప్పుకుంటుంటే నేను విని బయటికి వెళ్ళిపోయాను.

విమానాన్ని షెడ్డులో పెట్టి చక్రాలన్నీ విప్పి చూశారు. ఎవరు దింపారో, ఎంత గట్టిగా దింపారో రాసి విమానయాన అధికారులకు పంపారు. యజమాని మా బావను తీసెయ్యలేదు. కానీ విమానం ఖాళీగా ఉన్నప్పుడు కూడా అతను నడపడానికి వీల్లేదన్నాడు. పెద్దాయన ఆ మాట అక్షరాలా పాటించాడు. వైద్య పరీక్ష కూడా గట్టెక్కాడు, ఎలా గట్టెక్కాడో నాకు తెలియదు. మా బావకు తివాచీ మిగిలింది.

గంటలైతే నిండాయి. దరఖాస్తు పెట్టగానే ఒక పెద్ద సంస్థ నుంచి పిలుపొచ్చింది. భోజనాల బల్ల దగ్గర అక్క అధికారిలా ముఖం బిగించుకుని ప్రశ్నలు వేసేది, ఆయన వల్లె వేసిన జవాబులు చెప్పేవాడు. మా ఇంట్లో అన్ని నవ్వులు నేనెప్పుడూ వినలేదు. ఇంటర్వ్యూ రోజు నేనే కారులో తీసుకెళ్ళాను. బయట చెట్టు కింద ఆపి కూర్చున్నాను.

తిరిగి వచ్చి కారు తలుపు వేసుకున్నాక అంతా చెప్పాడు. లోపల ముగ్గురున్నారట. నెరిసిన జుట్టున్న ఒకావిడ మిగతావన్నీ వదిలేసి, రికార్డులో ఉన్న ఆ దిగడం గురించే అడిగిందట.

"విమానం కుంగిపోతోందని మీరెప్పుడు గమనించారు?"

"ముందే గమనించాను. పైకి కూడా అన్నాను," అని చెప్పాడట మా బావ. అది నిజం. కుడి సీట్లోంచి 'కుంగుతోంది సార్' అని ఆయన అన్న మాట నిజమే. పెద్దాయన వినిపించుకోలేదు.

"గమనించారు, పైకి అన్నారు. మరి మీ చేతులెందుకు కదల్లేదు?"

ఆ చేతులు పెద్దాయనవని చెప్పలేడు కదా. ఆవిడ కసురుకోలేదట, మెల్లగానే చెప్పిందట. "తెలియనివాడికి నేర్పుకోగలం. తెలిసి కూడా చేతులు కదపనివాణ్ణి తీసుకుని ఏం చేసుకోమంటారు?"

"నిజం చెప్పెయ్యాల్సింది బావా," అన్నాను.

"చెప్తే ఆ గంటలు దొంగవని తేలుతుంది. లైసెన్సే పోతుంది రా. ఇప్పుడు నేను దింపానన్నా తప్పే, దింపలేదన్నా తప్పే."

ఆ తర్వాత ఇంకో రెండు మూడు సంస్థలు పిలిచాయి. ఎక్కడికెళ్ళినా అదే ప్రశ్న. వెళ్ళినప్పుడల్లా మా బావ జవాబు మెరుగుపరుచుకున్నాడు. మొదట గాలి అన్నాడు. తర్వాత ఎండ కళ్ళల్లో పడిందన్నాడు. చివరికి ఆ క్షణంలో తన చెయ్యి ఎక్కడుందో, ఎంత ఆలస్యంగా లాగిందో కూడా వివరంగా చెప్పేవాడు. అద్దం ముందు నిలబడి చెప్పుకుంటుంటే గోడ అవతలి నుంచి నాకు వినిపించేది. అందరూ ఓపిగ్గా విన్నారు, అందరూ పెదవి విరిచారు.

మరుసటి ఏడు పెద్దాయన పదవీ విరమణ చేశాడు. షెడ్డులో విమానం పక్కనే బల్లలు వేసి, దండలు తెప్పించి సభ పెట్టారు. అక్క కూడా డ్యూటీకి వెళ్తూ దారిలో వచ్చింది. పెద్దాయన మైకు పట్టుకుని తన పైలట్ బతుకంతా చెప్పుకొచ్చాడు. నడుమ మా బావ వైపు చెయ్యి చూపించాడు.

"ఈ కుర్రాడు ఒకసారి విమానాన్ని నేలకేసి కొట్టాడు. యజమాని పంపించేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. మన పిల్లాణ్ణి మనమే కడుపులో పెట్టుకోకపోతే ఎవరు పెట్టుకుంటారు?"

చప్పట్లు కొట్టారు. ఆ మాట ఆయన నటించి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నన్ను ఎక్కువ మండించింది. మా అక్క కళ్ళు తుడుచుకుంది. మా బావ లేచి, అందరి ముందు నుంచి నడిచి వెళ్ళి, వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు.

సభ అయ్యాక అక్క అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళిపోయింది. నేను కారు తీశాను. గేటు దాటగానే అడిగాను.

"వాడి కాళ్ళకెందుకు మొక్కావు బావా?"

ఆయన నా వంక వింతగా చూశాడు.

"అదేంట్రా. ఎండ కళ్ళల్లో పడి నేను ఆలస్యంగా ఎత్తాను. ఇంకెవరైనా అయితే ఆ రోజే నన్ను ఇంటికి పంపేవాళ్ళు."

కారులో మేమిద్దరమే ఉన్నాం.