మీ ఇష్టం అక్కా

ఉదయగిరి చెక్క చెంచాలను అందంగా పెట్టెల్లో పెట్టి అమ్మడానికి మేం నలుగురం జట్టుగా పనిచేస్తున్నాం. పెట్టె ఎలా ఉండాలో ఆత్మకూరులో కూర్చుని చూసేది నేను. దాని మీద బొమ్మలు వేసేది ఉదయగిరి అమ్మాయి. ఆ మధ్య కొత్త పెట్టెకి వాళ్లూరి దుర్గం కొండ గీసి, కొండ నిండా మేకల్ని ఎక్కించింది. చెంచా ఎక్కడో మూలన పడింది. మేకల్ని తీసెయ్యమని మెయిల్ పెట్టాను.

"మీ ఇష్టం అక్కా" అని జవాబు వచ్చింది.

ఇక నాకు కాలు నిలవలేదు. ఎదురుగా ఉంటే ఆ పిల్ల నన్ను నువ్వు అనే అంటుంది. ఈ ‘మీ’ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? మెయిల్ కదా అని మర్యాద చేసిందా, ఒళ్లు మండి దూరం జరిగిందా? ఇక ‘ఇష్టం’ సంగతి సరే సరి. మావైపు ఒప్పుకున్నప్పుడూ ఆ మాటే అంటారు, తలుపు ధడాలున వేసే ముందూ ఆ మాటే అంటారు. "కోపమా?" అని రాసి చెరిపేశాను. అలా అడిగితే లేని కోపం కూడా వస్తుంది. ఆమె మానేస్తే మా పెట్టెలకు మొహం ఉండదు. అంతకన్నా, ఆమెతో పోట్లాడందే నాకు పని సాగదు.

విసుగెత్తి ఉదయగిరి బస్సెక్కాను. దారిలో డ్రైవరు దిగి తాపీగా టీ తాగాడు. ఆయన మీదా కోపం వచ్చింది.

చెంచాలు చెక్కే షెడ్డులో ఒక పక్కన ఆ పిల్ల ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంది. "రండి" అంది. ఎదురుగా కూడా మర్యాదే!

"మీ ఇష్టం అంటే ఏంది?" నిలబడే అడిగాను.

"మీ ఇష్టమనే. నాకు ఇష్టం లేదని."

"ఆ ముక్క రాయొచ్చు గదా!"

"రాస్తే ఎదురు చెప్పినట్టుంటాది. ఎందుకు తీయాలో నువ్వు మాత్రం రాసినావా? తీసెయ్ అన్నావు, అంతే. ఆ కొండ మీద మేకలు గాక ఏముంటాయి, ఒంటెలా?"

‘నువ్వు’ అనేసరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఇంకా గట్టిగా అరిచాను. "కొనేవాళ్లకి చెంచా కనపడొద్దా? మనం అమ్మేది మేకల్నా?"

చెక్కేవాళ్లు పని ఆపి మా వైపు చూశారు. ఆమె బొమ్మ వేసిన కాగితాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది. పెన్సిలు తీసి చెంచాను ముందుకు తెచ్చి, మేకల్ని మూత లోపలి వైపుకు తోలింది. అక్కడా ఎక్కువే అనిపించింది, మొహం మీదే చెప్పాను. గొణుక్కుంటూ కొన్నిటిని చెరిపేసింది.

నేను వెళ్లబోతుంటే అప్పుడు చెప్పింది. "నెల్లూరులో వేరే పని చూసుకున్నా అక్కా. నువ్వు లోపలికొచ్చేటప్పుడు, ఇంక మీకు చెయ్యనని మెయిల్ రాస్తా ఉండాను."

"పంపించినావా?"

"ఎట్ట పంపేది? నువ్వొచ్చి నెత్తిన కూర్చున్నావు గదా."